నడిమి బీడు మేసిన ఒంటికొమ్ము

గుట్టకోన అడవిదున్నల రాజ్యం. ఎర్రమిట్ట మనుబోతుల రాజ్యం. రెంటి నడుమ ఒక గడ్డిబీడు. కయ్యం రెండు రాజ్యాలకే గానీ, నిప్పంటుకున్న ప్రతిసారీ కాలింది మూడు చోట్లా.

మనుబోతును చూడనివాళ్ల కోసం ఒక మాట. ఎదురుగా చూస్తే గుర్రంలా, వెనక నుంచి చూస్తే ఆవులా ఉండే పెద్ద జింక అది. నల్లబండలా కదిలే అడవిదున్న పక్కన నిలబెడితే సన్నగా, పొడుగ్గా, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు కనిపిస్తుంది. ఈ రెండు జాతులూ గడ్డే తింటాయి. ఒకే వాన కోసం ఎదురుచూస్తాయి. ఒకే పులికి భయపడతాయి. పోట్లాడుకోవడానికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఏం కావాలి?

పదకొండు ఎండాకాలాల కిందట నీటిగుంట దగ్గర రెండు మందలకూ తోపులాట జరిగింది. ఆ తోపులాటలో ఓబులమ్మ అనే దున్న కుడికొమ్ము విరిగింది. అప్పటి నుంచి ఆమె ఒంటికొమ్ము ఓబులమ్మ. ఆమె కొమ్మును మనుబోతులే విరగ్గొట్టాయని కోనలో పుట్టిన ప్రతి దూడకూ పాలతో పాటు పట్టించారు. అసలేం జరిగిందని ఓబులమ్మను ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఆ గొడవ తర్వాతే ఒప్పందం కుదిరింది. నడిమి బీడులో ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ కాలు పెట్టకూడదు, మూతి పెట్టకూడదు. గడ్డి తిని బతికే రెండు జాతులు కూర్చుని, గడ్డి తినకూడదని తీర్మానం చేసుకున్నాయి. అంత తెలివైన పని ఆ అడవిలో ముందూ జరగలేదు, తర్వాతా జరగలేదు.

ఎవరూ మేయని బోదగడ్డి ఊరుకుంటుందా? దున్నల మూపురాలను దాటి పెరిగింది. ఎండిన గడ్డి కింద పడితే దాని మీద కొత్తది మొలిచింది. దక్షిణాన మనుషుల బండ్లబాట నుంచి ఉత్తరాన రాతిలోయ దాకా అది కూతవేటు వెడల్పున, ఎవరో పరిచిపెట్టిన వత్తిలా తయారైంది.

హద్దులు చూపించడానికి ఎవరి ఆచారం వాళ్లది. దున్నలు తమ వైపు చెట్లకు కొమ్ములు రాసి బెరడు లేపేవి. మనుబోతులు పెంటికలు వేసిన చోటే మళ్లీ వేసేవి. తాత వేసిన కుప్ప మీదే తండ్రి, తండ్రి వేసిన కుప్ప మీదే కొడుకు. మిట్ట అంచు పొడవునా ఆ కుప్పలే సరిహద్దు రాళ్లు. నవ్వకండి. మనుషుల హద్దురాళ్లకు వాసన లేదు కాబట్టి జరపడం తేలిక.

ఇక చెంగయ్య. చెంగయ్య నక్క. ఆ గడ్డి నడుమ బొరియ తవ్వుకుని కాపురం పెట్టాడు. రెండు రాజ్యాలకూ మాటల్లేవు కాబట్టి మాటలు మోసే పని తనదన్నాడు. అక్కడి కబురు ఇక్కడికి, ఇక్కడి కబురు అక్కడికి చేరవేసేవాడు. చేరేలోపు కబురుకు కాస్త కారం తగిలేది. అందుకు ప్రతిఫలంగా కోనలో చచ్చిన దూడ మీదా, మిట్టలో చచ్చిన కూన మీదా మొదటి కాటు చెంగయ్యదే. రాబందులు సైతం ఆయన లేచేదాకా కూర్చోవాలి.

పోయిన ఎండాకాలం, తునికాకు లేతగా చిగుర్చాలని మనుషులు బండ్లబాట పక్కన తుప్పలకు నిప్పు పెట్టారు. అది బోదగడ్డికి అంటుకుంది. బీడు పొడవునా పాకి రెండు వైపులకూ చిమ్మింది. కోనలో మూడు దూడలు పోయాయి. అందులో ఒకటి ఓబులమ్మది.

నిప్పు పెట్టింది మిట్టవాళ్లని చెంగయ్య కోనలో చెప్పాడు. కోనవాళ్లని మిట్టలో చెప్పాడు. తర్వాత తీరిగ్గా భోజనానికి కూర్చున్నాడు.

ఇదీ జరిగింది. ఇప్పుడు కథ.

*

ఫాల్గుణం వచ్చింది. ఓబులమ్మకు ముసలితనంలో పెయ్యదూడ పుట్టి పది రోజులైంది. దానికి ఎడమ ముందుకాలు వంకర. నడుస్తుంది గానీ పరిగెత్తలేదు. ఇంకో రెండు నెలలు పాలు తాగితే కాలు సరిపడుతుంది. అన్ని కాళ్లు చూసిన ఓబులమ్మకు ఆ సంగతి తెలుసు. ఆ రెండు నెలలే ఆమెకు కావాలి.

ఆ పొద్దున దున్నలన్నీ ఉప్పుమన్ను నాకే చోట కలిశాయి. మంద పెద్ద గుండప్ప బండ మీద నిలబడ్డాడు. పక్కన చెంగయ్య తోక చుట్టుకుని కూర్చున్నాడు.

"ఏం పెద్దమ్మా, చివరి కాన్పు పెయ్యదూడటగా? కాలెలా ఉంది?" అని గుండప్ప పలకరించాడు.

"వంకరగా ఉంది. అందుకే నీ దగ్గరికి వచ్చాను."

"నేను వైద్యుణ్ణి కాదే!"

"మందకు పెద్దవాడివి కదా. గడ్డి ఎండింది గుండప్పా. నిన్న గాలి వీస్తే గలగలమంది. పోయినేడు ఇలా గలగలమన్న పదో రోజే అంటుకుంది. ఈసారి మనమే ముందు మేసేద్దాం. బండ్లబాటకు ఇవతల బీడుకు అడ్డంగా ఒక పట్టీ, నేల కనిపించేదాకా. అటు నుంచి వచ్చిన నిప్పు తినడానికేమీ దొరక్క అక్కడే చస్తుంది."

గుండప్ప ముక్కులోంచి గాలి గట్టిగా వదిలాడు. "నడిమి బీడులో కాలు పెట్టమంటావా? ఆ గడ్డే మన కోటగోడ పెద్దమ్మా. అది ఉండబట్టే మిట్టవాళ్లు ఇటు రాలేదు."

"కాలే గోడ ఎవరైనా కట్టుకుంటారా నాయనా?"

చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. "తల్లి మనసు, నాకు తెలుసు. కానీ ఆ గడ్డిలో ఏముందో చూసినవాణ్ణి నేను. నలభై మనుబోతులు కడుపు నేలకానించి పడుకుని ఉన్నాయి. ఒక్క దున్న మూతి కనబడిందా, అంతే."

"నలభై అంటావు."

"నలభైకి ఒకటి ఎక్కువే గానీ తక్కువుండదు."

"అయితే ఇంకా మంచిది. గడ్డి పొట్టిదైతే వాళ్లు దాక్కోలేరు. అది వాళ్లకు నష్టం, మనకు లాభం. మధ్యలో నీకెందుకు చెంగయ్యా అడ్డం?"

వెనక ఎవరో పడుచు దున్న కిసుక్కున నవ్వింది. చెంగయ్య గుండప్ప వైపు చూశాడు. జవాబు తోచనప్పుడు పెద్దలు చేసే పనే గుండప్పా చేశాడు. డెక్కతో నేలను గట్టిగా తన్నాడు.

"ఒప్పందం ఒప్పందమే! గీత దాటినవాళ్లకు వెలి. ఉప్పుమన్నుకు రానివ్వను, నీటిగుంటకు రానివ్వను."

"వెయ్యి వెలి," అంది ఓబులమ్మ. "నువ్వు పుట్టినప్పుడు నీ మీద ఈగలు తోలింది ఈ తోకే. ఇప్పుడు ఆ తోకే చూడు, నేను పోతున్నా."

అన్నట్టే తిరిగి నడిచింది.

*

దూడను కోన అంచున బండ నీడలో పడుకోబెట్టి, కొమ్ము గాట్లున్న చెట్లు దాటి, ఓబులమ్మ నడిమి బీడులో మొదటి అడుగు వేసింది. నలభై మనుబోతులు లేవలేదు. ఒక్క కౌజుపిట్ట మాత్రం బుర్రుమని లేచింది.

ఎండిన బోద తినడమంటే చీపురు నమలడమే. పెదవులు చీరుకున్నాయి. పొద్దెక్కేసరికి కడుపు రాయిలా బిగిసింది. వెనక్కి తిరిగి చూసుకుంటే ఆమె తిన్నది తను పడుకోవడానికి సరిపడా జాగా. ఎదురుగా గడ్డి అలాగే ఉంది.

"నా ఒక్కదానివల్ల ఎన్నేళ్లకవుతుంది!" అని తనను తానే తిట్టుకుని మళ్లీ మూతి పెట్టింది.

అప్పుడు వినిపించింది. గడ్డికి అవతల ఇంకో నోరు నములుతోంది.

"ఎవరే అది?" అంది ఓబులమ్మ.

నమలడం ఆగింది. "నువ్వెవరే?"

"ముందు అడిగింది నేను."

గడ్డి రెండుగా చీలి ఒక మనుబోతు తల బయటికొచ్చింది. గోధుమ రంగు ఆడమనుబోతు. ఒక చెవి కొస కాలి నల్లబడి ఉంది. ఓబులమ్మ విరిగిన కొమ్ము చూసి కళ్లు చిన్నవి చేసింది. "ఓహో, ఒంటికొమ్మా! నీ కొమ్ము మేమే విరిచామని మీ కోనంతా పాటలు కట్టి పాడుకుంటున్నారట."

"పాడుకుంటారు. బండకు తగిలి విరిగింది. నేనే కాలు జారాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"జారిపడ్డానంటే గౌరవమా? నీ పేరేంటి?"

"రేణమ్మ."

"పోయినేడు నీవెన్ని పోయాయి?"

"రెండు. కవలలు."

"నాది ఒకటి."

ఇద్దరూ కాసేపు నమిలారు. తర్వాత రేణమ్మే అంది. "మీవాళ్లే కదా నిప్పు పెట్టింది. మా చెంగయ్య కళ్లారా చూశాడట."

"మీ చెంగయ్యా? వాడు మా చెంగయ్య కదా! మాకు మీవాళ్లని చెప్పాడు."

"మేమా? నీకు బుద్ధుందా? ఈ డెక్కలతో అగ్గిపుల్ల గీస్తామా?"

ఓబులమ్మ తన డెక్కల వంక చూసుకుంది. రేణమ్మ తన డెక్కల వంక చూసుకుంది. పదకొండేళ్లలో రెండు రాజ్యాల వాళ్లూ కలిసి చేసిన మొదటి పని అదే. నాలుగు ముందుకాళ్ల వంక చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు.

నవ్వు అయ్యాక పని గురించి పోట్లాడుకున్నారు.

"నువ్వు మొదళ్లు వదిలేస్తున్నావు. నిప్పుకు మొదళ్లు చాలు," అంది రేణమ్మ.

"నా మూతి అంత కిందికి వంగదు. నువ్వు మాత్రం? పైన కంకులన్నీ వదిలేసి కింది పచ్చిదే ఏరుకుంటున్నావు. పెళ్లివిందుకొచ్చావా?"

"అయితే పైది నువ్వు తిను, కిందిది నేను తింటా. రేగు తుప్పలు కూడా నావే, ముళ్లు నాకు లెక్కలేదు. కానీ ఒకటి చెబుతున్నా ఒంటికొమ్మూ, నేను మూతి పెట్టిన దుబ్బులో నువ్వు పెడితే తంతాను."

"తన్నుకో. కాలు నీదే విరుగుతుంది."

ఒప్పందం కుదిరింది. పాత ఒప్పందం కంటే ఇది చిన్నది. పైగా పని జరిగేది.

*

మూడో రోజు కోన నుంచి ఇద్దరు దున్నలక్కలు వచ్చారు. "మేయడానికి రాలేదమ్మోయ్. నువ్వు ఉన్నావో పోయావో చూసిపోదామని," అన్నారు. చూస్తూ చూస్తూ ఒక్కో దుబ్బు తిన్నారు. అటు మిట్ట నుంచి ఐదుగురు వచ్చారు. వాళ్లూ చూడ్డానికే. ఆరో రోజుకు బీడు నడుమ ఒక పట్టీలో గడ్డి ఎత్తు తగ్గి, అక్కడక్కడా ఎర్రమట్టి కనిపించసాగింది. ఇటువైపు నిలబడితే అటువైపు మందలో ఎవరు ఎవరో తెలుస్తోంది. అటువైపు కూడా దూడలకు పాలిస్తున్నారని, తోకలతో ఈగలే తోలుకుంటున్నారని కోనవాళ్లు చూశారు.

ఇదంతా చెంగయ్య కూడా చూశాడు. కుందేళ్లు, కౌజుపిట్టలు పొడుగు గడ్డి వెతుక్కుంటూ రాతిలోయ వైపు పోయాయి. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి. నిన్న మిట్టలో ఒక కబురు చెప్పబోతే, ఒక పడుచు మనుబోతు మెడ చాచి చూసి, "లేదు మామా, వాళ్లు అక్కడ పడుకుని నెమరేస్తున్నారు, ఇదిగో కనిపిస్తూనే ఉన్నారు," అంది. చెంగయ్య జీవితంలో అంత అవమానం ఎరగడు.

మిట్టమధ్యాహ్నం, మందలన్నీ నీడల్లో కునుకు తీస్తున్న వేళ, చెంగయ్య ఒక వెడల్పాటి టేకాకు తెచ్చుకున్నాడు. మిట్ట అంచున అన్నిటికంటే పాతదైన పెంటికల కుప్ప దగ్గరికి పోయాడు. ముందుకాళ్లతో గీకి ఆకులోకి తోశాడు. ఆకు కొనను పళ్లతో పట్టి, బీడు దాటించి, కోన చెట్ల లోపలికి ఈడ్చాడు. బోర్లించాడు. మళ్లీ వెళ్లాడు. ఇరవైసార్లు తిరిగాడు. ఇటు కుప్ప మాయమైంది. అటు కుప్ప లేచింది.

తర్వాత గుండప్ప దగ్గరికి పరిగెత్తాడు. "దొరా, మిట్టవాళ్లు మీ నేల మీద హద్దు వేశారు! ఇంకేం మిగిలింది?"

ఆ వెంటనే మనుబోతుల పెద్ద, తెల్లగొంతు తిమ్మరాజు దగ్గరికి పరిగెత్తాడు. "దొరా, మీ తాతగారి కుప్పను దున్నలు తొక్కి నేలమట్టం చేశాయి! ఇంకేం మిగిలింది?"

పొద్దు వాలకముందే రెండు మందలు ఆ పట్టీకి రెండు వైపులా నిలబడ్డాయి. గుండప్ప కొమ్ములు దించాడు. తిమ్మరాజు మెడ సాచాడు. మధ్యలో ఓబులమ్మ, రేణమ్మ నోట్లో గడ్డితోనే నిలబడిపోయారు. చెంగయ్య కాస్త ఎత్తైన రాయి చూసుకుని కూర్చున్నాడు. ఆకలి కూడా వేస్తోంది ఆయనకు.

"తప్పుకో పెద్దమ్మా!"

"ఎందుకు?"

"హద్దు దాటి మన చెట్లలో కుప్ప వేశారు, వెళ్లి చూడు!"

"అబద్ధం!" అని తిమ్మరాజు అరిచాడు. "మా తాతల కుప్ప పోయింది, అది చూడండి ముందు!"

ఓబులమ్మ నోట్లోది మింగింది. "ఒకరికి కుప్ప పోయింది. ఒకరికి కుప్ప వచ్చింది. రేణమ్మా, నాతో రా. మిగతావాళ్లు ఆ కొమ్ములు పది నిమిషాలు అలాగే పట్టుకోండి, మెడనొప్పి పుడితే పుట్టనీ."

ఇద్దరూ వెళ్లి కుప్పను వాసన చూశారు. రేణమ్మ మొహం చిట్లించింది. ఓబులమ్మ కాలితో పై పొర తోసింది. తెల్లబడి, సున్నంలా పొడైపోయింది. మధ్య పొర గోధుమ రంగు. అడుగున డెక్క పెడితే అంటుకునేంత పచ్చిగా, నల్లగా మెరుస్తోంది.

ఓబులమ్మ తిరిగొచ్చి పట్టీ నడుమ నిలబడింది. "చెంగయ్యా, మా చెట్లలో ఆ కుప్ప ఎవరు వేశారు?"

"ఇంకెవరు? మనుబోతులే. నా కళ్లతో చూశాను. ఇవాళ పొద్దున."

"ఒక్క పొద్దులోనే?"

"ఒక్క పొద్దులోనే. వరసగా నిలబడి మరీ."

"రేణమ్మా, మీ కుప్పలో ఇవాళ్టిది ఎక్కడుంటుంది?"

"పైన. ఇంకెక్కడుంటుంది? అడుగున మా ముత్తాతది."

"మా చెట్లలో ముత్తాతది పైనుంది. ఇవాళ్టిది అడుగునుంది," అంది ఓబులమ్మ. "మిట్టవాళ్లు ఇవాళ్టిది పదేళ్ల కిందట వేసి, పదేళ్ల కిందటిది ఇవాళ వేశారా? లేకపోతే ఎవరైనా ఆ కుప్పను పైనుంచి గీకి తెచ్చి అక్కడ బోర్లించారా?"

మిట్ట వైపు నుంచి ఒకరు, కోన వైపు నుంచి ఒకరు, తర్వాత మందకు మంద రాయి వైపు తిరిగారు.

"చెంగయ్యా, ముందుకాళ్లు ఎత్తు."

"నాకు కీళ్లనొప్పి."

"ఎత్తు."

చెంగయ్య ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా. గాలి అటు నుంచే వీస్తోంది.

"పోయినేడు నా దూడను తిన్నావు," అంది ఓబులమ్మ. గొంతు పెంచలేదు. "చచ్చినదాన్ని తిన్నావు, అది నీ పుట్టుక, తప్పు పట్టను. ఇంకోటి చస్తే తినాలని ఎదురుచూశావు చూడు, అది నీ పుట్టుక కాదు. మేం నీకు చేసిన అలవాటు. ఇవాళ్టితో మానిపించాం. పో."

చెంగయ్య పొడుగు గడ్డిలోకి దిగి మాయమయ్యాడు. పొడుగు గడ్డి ఇంకా ఉంది, దక్షిణాన, బండ్లబాట వైపు.

*

అంతటితో పెద్దలు మారిపోయారని చెబితే అది వేరే కథ అవుతుంది. గుండప్ప ఒళ్లు విదిల్చుకుని, "నక్క మోసం చేశాడు సరే. హద్దు హద్దే. అందరూ ఇంటికి నడవండి," అన్నాడు.

"నువ్వు నడువు," అంది ఓబులమ్మ.

"ఏమన్నావు?"

"చెవుల్లో పిడుదులున్నాయా? నువ్వు నడువు అన్నాను. పట్టీ ఇంకా సగమే అయింది. నిప్పుకు నీ హద్దు అడ్డం కాదు, నీ పౌరుషమూ అడ్డం కాదు. నేల బోడిగా ఉంటేనే ఆగుతుంది. నేను కదలను."

అవతల రేణమ్మ కూడా తిమ్మరాజుకు దాదాపు అదే చెప్పింది. కాస్త చెడ్డ మాటలతో.

దున్నలక్కలు కదల్లేదు. మనుబోతు అత్తలు కదల్లేదు. తల్లులు కదలకపోతే దూడలు కదలవు. దూడలు కదలకపోతే మందే లేదు. చివరికి నడి బీడులో ఇద్దరు పెద్దలు ఎదురెదురుగా మిగిలారు. ముందు వెనక్కి తిరిగినవాడు పారిపోయాడంటారని గుండప్ప తిరగలేదు. అదే భయంతో తిమ్మరాజూ తిరగలేదు. నిలబడ్డారు. ఎండ వాలింది. ఆకలి మొదలైంది. గుండప్ప, ఎదుటివాడి మీద చూపు తిప్పకుండానే, ఒక దుబ్బు కొరికాడు.

అది చూసి తిమ్మరాజు రెండు కొరికాడు.

గుండప్ప నాలుగు కొరికాడు.

"వాళ్లను అలా వదిలెయ్యి వదినా," అంది రేణమ్మ మెల్లగా. "రేపటికల్లా మూడొంతులు వాళ్లే పూర్తి చేస్తారు."

"నన్నెప్పటి నుంచి వదినా అంటున్నావు?"

"నోరు జారింది. తిను."

*

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం బండ్లబాట వైపు పొగ లేచింది.

నిప్పు ఎలా వస్తుందో ఇద్దరు తల్లులకూ తెలుసు. మొదట వాసన, తర్వాత పిట్టలు, తర్వాత చెవులు మూసుకున్నా వినిపించే ఆ చప్పుడు. దక్షిణాన బోద అంటుకుంది. మంట చెట్టంత ఎత్తున లేచి బీడు పొడవునా ఇటే వస్తోంది.

"కొండెక్కండి!" అని గుండప్ప కేక పెట్టాడు.

"లోయకు దిగండి!" అని తిమ్మరాజు కేక పెట్టాడు.

ఓబులమ్మ బండ నీడలో ఉన్న పెయ్యదూడ వంక చూసింది. అది నిలబడింది, వంకర కాలు గాల్లోకెత్తుకుని. కొండెక్కలేదు. ఆమె వెనక్కి వెళ్లి దూడకూ మంటకూ నడుమ, పట్టీ మధ్యలో, ఎర్రమట్టిలో నిలబడింది.

"పోయినేడు పరిగెత్తాం," అంది. "పరిగెత్తి ఏం మిగుల్చుకున్నాం? పరిగెత్తేవాళ్లు పరిగెత్తండి. ఈ పట్టీ నిలిస్తే నా దూడ నిలుస్తుంది. మొదళ్లు ఇంకా ఉన్నాయి. తొక్కండి!"

మొదట కదిలింది రేణమ్మ. గుండప్ప రెండోవాడు. తిమ్మరాజు మూడోవాడు. అయితే రెండోవాడు తానేనని ఇప్పటికీ వాదిస్తాడు. అంత బరువున్న దున్నలు వరసగా నడిచి మిగిలిన మొదళ్లను మట్టిలో కలిపేశాయి. మంట పట్టీ అంచుకు వచ్చింది. ముందుకు పోవడానికి ఏమీ దొరక్క నిప్పురవ్వల్ని విసిరింది. రవ్వ ఎక్కడ పడితే అక్కడికి మనుబోతులు ఉరికాయి. దున్న పది అడుగులు వేసేలోపు మనుబోతు నూరు వేస్తుంది. మనుబోతు తొక్కి ఆర్పలేని దుంగను దున్న దొర్లించి మట్టి కప్పేస్తుంది. ఎవరి కాళ్లు ఏ రాజ్యానివో పొగలో కనబడలేదు.

"ఇటు, ఇటు! మామా, నీ వెనకాల!"

"చూశా లేవే!"

"చూస్తే తొక్కు మరి!"

కోన మామ మిట్ట కోడలికి జవాబిస్తున్నాడని ఇద్దరికీ తట్టలేదు.

మంట అంచున నిలబడి కాసేపు ఊగింది. కిందికి వంగింది. ఇంకా కిందికి వంగింది. పొగగా మారి పోయింది.

ఓబులమ్మ దూడ దగ్గరికి వెళ్లింది. మసి పట్టిన మూతితో దాన్ని ఒకసారి నాకింది. నల్లబడింది. మళ్లీ నాకింది. పాలకు అడ్డంగా నిలబడకుండా కాళ్లు దూరం పెట్టింది. అంతే.

*

ఇక చెంగయ్య. ఆయన కాపాడుకున్న పొడుగు గడ్డి మొత్తం దక్షిణానే ఉంది కదా. బొరియ పొగతో నిండింది. తోక సగం కాలింది. ప్రాణం ఒక్కటి పట్టుకుని ఉత్తరానికి పరిగెత్తుకొచ్చాడు. ఇరవైసార్లు టేకాకు ఈడ్చినవాడు, తను ఆపాలని చూసిన ఆ బోడి పట్టీ మీదే ఆ పూట ప్రాణాలు దక్కించుకున్నాడు.

వానలు పడి గడ్డి మొలిచింది. అది మోకాలెత్తు వచ్చిన రోజు కోనవాళ్లు ఇటు నుంచి, మిట్టవాళ్లు అటు నుంచి వచ్చి మేస్తారు. పైది వీళ్లది, కిందిది వాళ్లది. ఓబులమ్మకూ రేణమ్మకూ ఈ రోజుకీ పడదు. రోజూ కలిసి మేస్తారు, రోజూ పోట్లాడుకుంటారు. పెయ్యదూడ కాలు సరిపడింది. ఇప్పుడది మిట్ట కూనలతో పరుగు పందేలు పెట్టి ఓడిపోతూ ఉంటుంది.

ఒక పొద్దున చెంగయ్య మళ్లీ కబురు మోసుకుని బయల్దేరాడు. బీడు నడుమకు వచ్చాక ఆగాడు. దాక్కోవడానికి గడ్డి లేదు. ఇటు నుంచి అరవై జతల కళ్లు, అటు నుంచి డెబ్బై జతల కళ్లు ఆయన మీదే ఉన్నాయి.

"ఏం చెంగయ్యా, ఏంటి కబురు?" అని ఓబులమ్మ కేకేసింది. "అందరికీ వినపడేట్టు చెప్పు!"

చెంగయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. సగం తోక కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు. "అందరూ బాగున్నారు."

ఆయన జీవితంలో చెప్పిన మొదటి నిజం అదే.

నీతి: పొరుగువాడికి భయపడి వదిలేసిన నేల ఇద్దరినీ కాలుస్తుంది, కలిసి మేసిన నేల ఇద్దరినీ కాస్తుంది.